129 ఓట్లతో దక్కిన గవర్నర్ పీఠం

మన దేశంలో గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రితో పోల్చదగిన కార్యనిర్వాహక అధిపతి. ఆయనను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. సియాటెల్, రెడ్‌మండ్, బెల్‌వ్యూ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి సుపరిచితమైన వాషింగ్టన్ రాష్ట్రంలో 2004లో జరిగిన ఎన్నిక ఆ దేశ చరిత్రలోనే అత్యంత హోరాహోరీ పోరుల్లో ఒకటిగా నిలిచింది. దాదాపు 28 లక్షల ఓట్లు పోలు కాగా విజేతను నిర్ణయించింది 129 ఓట్లు. మూడుసార్లు లెక్కిస్తే మూడుసార్లూ తేడా మారింది. మూడోసారి ఏకంగా విజేతే మారారు.

డెమొక్రటిక్ పార్టీ తరఫున క్రిస్టీన్ గ్రెగోయిర్ పోటీ చేశారు. ఆమె అప్పటికి మూడు విడతలుగా రాష్ట్ర అటార్నీ జనరల్. పొగాకు కంపెనీలతో రాష్ట్రాలు 1998లో కుదుర్చుకున్న భారీ ఒప్పందంలో ముఖ్య పాత్ర పోషించారు. రిపబ్లికన్ అభ్యర్థి డినో రోసీ స్థిరాస్తి వ్యాపారి, మాజీ రాష్ట్ర సెనేటర్. ఆమెదే గెలుపని పలువురు ముందు భావించారు.

261.. 42.. 129

నవంబరు 2న పోలింగ్ జరిగింది. తొలి లెక్కింపులో రోసీకి 261 ఓట్ల ఆధిక్యం లభించింది. తేడా అతి స్వల్పం కావడంతో చట్ట ప్రకారం యంత్రాలతో తిరిగి లెక్కించారు. ఆధిక్యం 42కు పడిపోయింది. అయినా నవంబరు 30న రోసీనే విజేతగా ధ్రువీకరించారు. డెమొక్రాట్లు సుమారు 7.3 లక్షల డాలర్లు డిపాజిట్ చేసి, 39 కౌంటీల్లోనూ చేతితో లెక్కించాలని కోరారు. ఫలితం తారుమారైతేనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

అసలు మలుపు సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీలో వచ్చింది. తపాలా ఓటు కవరుపై సంతకాన్ని రికార్డులోని సంతకంతో సరిపోల్చడం అక్కడి నిబంధన. కొందరి సంతకాలు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. సిబ్బంది కాగితపు దస్త్రాలు తీసి చూడాల్సి ఉండగా, ఓటునే తిరస్కరించి పక్కన పెట్టేశారు. ఈ లోపం బయటపడిన తీరు విచిత్రం. కౌంటీ కౌన్సిల్ ఛైర్మన్ లారీ ఫిలిప్స్ తిరస్కృత ఓటర్ల జాబితా తిరగేస్తుంటే అందులో తన పేరే కనిపించింది! ఆరా తీయగా అలాంటి ఓట్లు 700కు పైగా తేలాయి. వాటిని లెక్కించరాదని రిపబ్లికన్లు దిగువ కోర్టులో స్టే తెచ్చుకున్నారు. డిసెంబరు 22న రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని కొట్టివేసింది. అప్పటికి చేతి లెక్కింపులో 10 ఓట్లు ముందున్న గ్రెగోయిర్ ఆధిక్యం చివరకు 129కి చేరింది. ఆమెకు 13,73,361, రోసీకి 13,73,232 ఓట్లు వచ్చాయి. లిబర్టేరియన్ అభ్యర్థి రూత్ బెనెట్‌కు 63 వేలకు పైగా ఓట్లు పడ్డాయన్నది ఇక్కడ మరువరాదు. డిసెంబరు 30న గ్రెగోయిర్ గెలుపును ధ్రువీకరించిన రాష్ట్ర కార్యదర్శి శామ్ రీడ్ రిపబ్లికన్ పార్టీవారే కావడం విశేషం.

కోర్టులో తేలిన ఓటు

2005 జనవరి 12న గ్రెగోయిర్ ప్రమాణ స్వీకారం చేసినా వివాదం ఆగలేదు. నేరశిక్ష కారణంగా ఓటు హక్కు కోల్పోయినవారు, మరణించినవారి పేర్లతో ఓట్లు పడ్డాయంటూ రిపబ్లికన్లు న్యాయపోరాటానికి దిగారు. వెనాచీ పట్టణంలో న్యాయమూర్తి జాన్ బ్రిడ్జెస్ మే నెలలో విచారణ జరిపారు. 1,600కు పైగా అక్రమ ఓట్లు పడ్డాయని ఆయన అంగీకరించారు. కానీ ఓటు రహస్యం. అవి ఎవరికి పడ్డాయో చెప్పేదెలా? ఆయా పోలింగ్ ప్రాంతాల్లో అభ్యర్థులకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలో అక్రమ ఓట్లను తీసివేయాలన్నది రిపబ్లికన్ల వాదన. ఒక ప్రాంతంలో అధికులు ఎవరికి వేశారన్నదాన్ని బట్టి ఫలానా వ్యక్తి ఓటును ఊహించలేమని న్యాయమూర్తి తోసిపుచ్చారు. లెక్కింపులో పొరపాట్లు జరిగాయే తప్ప మోసం రుజువు కాలేదన్నారు. నలుగురు అనర్హులు తాము రోసీకే వేశామని వాంగ్మూలం ఇవ్వడంతో ఆ నాలుగూ ఆయన ఖాతాలోంచే తగ్గాయి! తేడా 133 అయింది. జూన్ 6న తీర్పు వెలువడగా, రోసీ అప్పీలుకు వెళ్లలేదు.

మనకూ ఇలాంటి ఉత్కంఠ కొత్త కాదు. 1989 లోక్‌సభ ఎన్నికల్లో అనకాపల్లి నుంచి కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలుపొందారు.

2008లో గ్రెగోయిర్, రోసీ మళ్లీ తలపడ్డారు. ఈసారి ఆమె సుమారు 1.94 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2011లో వచ్చిన చట్టంతో ఆ రాష్ట్రమంతటా తపాలా ఓటింగే అమలులోకి వచ్చింది. సంతకం సరిపోలని ఓటరుకు కబురు పంపి, సరిదిద్దుకునే అవకాశం ఇస్తున్నారు.