హెర్క్యులీసు వేషధారి స్టీవ్ రీవ్సు

కండబలముచే పేరు గడించి, ఆ బలముతోడనే చలనచిత్రములలో నాయకుడైన వారిలో స్టీవ్ రీవ్సు ముఖ్యుడు. ఇతడు 1926లో అమెరికాలోని మాంటానా రాష్ట్రమున జన్మించెను. పసితనముననే తండ్రి సేద్యపు పనిలో ప్రమాదమున మరణింపగా, తల్లియే పెంచెను. రెండవ ప్రపంచయుద్ధమున ఫిలిప్పీన్సులో సైనికుడుగా నుండి వచ్చి, 1947లో 'మిస్టర్ అమెరికా', 1950లో లండనున 'మిస్టర్ యూనివర్స్' బిరుదములను గెలిచెను.

ఈ నడుమ డిమిల్లె యను దర్శకుడు సామ్సను పాత్రకు ఇతనిని పరీక్షించి, ముందు బరువు తగ్గుమనెను. తెరమీద దేహము ఉన్నదానికంటె లావుగా కనబడునట! ఏండ్ల తరబడి తాలీంఖానాలో పెంచిన కండను కరగించుకొనుట యెట్లు? ఆ వేషము విక్టర్ మెచ్యూరునకు దక్కెను. చిత్రము 1949లో వెలువడెను.

పిమ్మట కొన్నియేండ్లు చిన్న వేషములే గతియైనవి. తుదకు ఇటలీవారు 1958లో ఇతనిచే హెర్క్యులీసు వేషము వేయించిరి. హెర్క్యులీసనగా గ్రీకు గాథలలో మన భీమునివంటి వీరుడు. మరుసటి యేడు ఆ చిత్రము అమెరికాలో విరగబడి ఆడెను. అయితే ఇంగ్లీషు ప్రతిలో వినబడిన గొంతు రీవ్సుది కాదు. మేను మాత్రమే అతనిది.

ఆ మేనికే దెబ్బ తగిలినది. పాంపే నగర వినాశమును గూర్చిన చిత్రము తీయునప్పుడు, 1959లో, అతడెక్కిన రథము చెట్టును ఢీకొని భుజము తొలగెను. నొప్పి విడువలేదు. 1968తో నటన చాలించి, కాలిఫోర్నియాలో మోర్గాన్ జాతి గుఱ్ఱములను పెంచుచు, 2000 సంవత్సరమున 74 ఏండ్ల ప్రాయమున మరణించెను.