నల్లజాతి యువతుల నవలలు: అక్షరము నార్జించిన కథ

అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’ గ్రంథమును సహవాసిగారు ‘ఏడు తరాలు’ అను పేర తెనిగించినది మొదలు కుంటా కింటే నామము తెలుగు పాఠకులకు సుపరిచితమైనది. ఆయన కుమార్తె కిజ్జీని స్మరించువారు మాత్రము తక్కువ. పదునారేండ్ల ప్రాయమున ఆమె తలిదండ్రులకు దూరముగ విక్రయింపబడెను. ఆమె చేసిన అపరాధ మేమి? తాను వలచిన బానిస యువకుడు పారిపోవుటకై ఒక అనుమతిపత్రమును వ్రాసి యిచ్చుట. కొన్న యజమాని ఆమెను చెరచెను. ఆడుపిల్లకు వ్రాత వచ్చుటయే అచట నేరమైనది.

అమెరికా దక్షిణ రాష్ట్రములు పెక్కింట బానిసలకు చదువు నేర్పుట శాసనవిరుద్ధముగ నుండెను. కావున ఆ జాతి స్త్రీలు నవల వ్రాయుట యనగా ముందు అక్షరమును స్వాధీనపఱచుకొనుట. ఈ సంగతి మరచినచో వారి నవలలు కేవలము కన్నీటి కథలుగనే తోచును.

1859లో హారియెట్ విల్సన్ ‘అవర్ నిగ్’ అను నవలను బోస్టను నగరమున అచ్చువేయించెను. కథానాయిక ఫ్రాడో బానిస కాదు. స్వేచ్ఛకు పేరొందిన ఉత్తరదేశముననే, తల్లి విడిచిపోగా, ఒక తెల్లవారి యింట ఊడిగము చేయుచు దెబ్బలు తినిన బాలిక. దక్షిణాదివారి కొరడాను నిందించు ఉత్తరాదివారికి తమ వంటయింటి కథ రుచింపలేదు కాబోలు, పుస్తకము మరుగుపడెను. బిడ్డను పోషించుకొనుటకై వ్రాసితినని రచయిత్రి పీఠికలో చెప్పుకొనెను. ఏడాది తిరుగకమునుపే ఆ బిడ్డ మరణించెను. నూటయిరువది సంవత్సరములు గడచిన పిమ్మట, ఆ రచయిత్రి నల్లజాతి స్త్రీయే యని హెన్రీ లూయీ గేట్స్ నిరూపించుటకు ఆధారమైనది ఆ పసివాని మరణపత్రమే. నవల 1983లో మరల ముద్రణ నొందెను.

1937లో జోరా నీల్ హర్స్టన్ వ్రాసిన ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ నవలలో జేనీ యను యువతి మూడు వివాహములు గడచి తన మాటకు తానే యజమానురాలగును. ఫ్లోరిడా పల్లెప్రజల పలుకుబడి యందు యథాతథముగ వినవచ్చును. స్వజాతి రచయితయే యైన రిచర్డ్ రైట్ దానిని తీవ్రముగ విమర్శించెను. గ్రాంథిక వ్యావహారిక వివాదము నెరిగిన మనకు ఇట్టి కలహము వింతగొలుపదు. హర్స్టన్ 1960లో దారిద్ర్యమున మృతినొందెను. గుర్తులేని ఆమె సమాధిపై 1973లో శిలాఫలకము నిలిపినది ఆలిస్ వాకర్.

ఆ వాకరే 1982లో ‘ది కలర్ పర్పుల్’ వ్రాసి, మరుసటి యేడు పులిట్జర్ బహుమానమందెను. పదునాలుగేండ్ల సీలీ, తండ్రియని తాను నమ్మినవాని చేత చెరుపబడి, ఎవ్వరికిని చెప్పుకొనలేక దేవునికి లేఖలు వ్రాయును. తుదకు ఆమెకు స్వతంత్ర జీవనము నొసగినది సూదియు దారమును: లాగులు కుట్టి వర్తకము సాగించును. నేతవారి పేటలలో ఈ ఘట్టమును వివరింప నక్కరలేదు. 1996లో సఫైర్ వ్రాసిన ‘పుష్’ నవలలోని ప్రెషస్ కూడ తండ్రివలన గర్భవతియైన బాలికయే. హార్లెములోని ఒక చిన్న పాఠశాలలో అక్షరములు కూడబలుకుకొనుచు, తప్పుల తడకగ తన కథను తానే వ్రాయును. గెలుపు కథలే వ్రాయవలెనన్న నియమమును నే నంగీకరింపను. 1970లో టోనీ మారిసన్ వ్రాసిన ‘ది బ్లూయెస్ట్ ఐ’ యందలి పికోలా నీలికన్నులు కోరి మతిచలించినది. ఆమెను గెలిపించియుండిన ఆ నవల అబద్ధమయ్యెడిది.

ఈ కథలకును మన దేశమునకును బాంధవ్యము కొత్తది కాదు. అంబేడ్కరు 1946లోనే నల్లజాతి నాయకుడు డుబాయిస్‌కు లేఖ వ్రాసెను. 1972లో బొంబాయి దళిత యువకులు అమెరికా నల్లచిరుతల పేరునే తమకు పెట్టుకొనిరి. మన షోలాపురము జిల్లాలోని మహూదులో 1923లో మహారు కుటుంబమున జన్మించిన శాంతాబాయి కాంబ్లే, 1942లో జిల్లాబోర్డు పాఠశాలలో ఉపాధ్యాయిని యయ్యెను. ఆమె ‘మాఝ్యా జల్మాచీ చిత్తరకథా’ 1986లో గ్రంథరూపమున వెలువడెను. అది నవల కాదు, స్వీయచరిత్రము. ఐనను ఆకలియు అంటరానితనమును దాటి బడి చేరిన బాలిక కథ యగుటచే ఫ్రాడోకును ప్రెషస్‌కును చెల్లెలనదగును.

కొంతం చౌకు పరిసరములలోని మన స్త్రీల బాధలు అంటరానివారి బాధలతో సమానమని యెవ్వరు నననేరరు. ఐనను 1877లో మొదటి మిల్లు వెలసిన ఈ నగరమునకు తెలంగాణపు పల్లెలు విడిచి మగవారి వెంట వచ్చిన స్త్రీలు కండెలు చుట్టిరి, బీడీలు చుట్టిరి. చుట్టిన వేయింటిలో నాణెము లేదని ఎన్ని తీసివేసిరో ఆ లెక్క వారి నోట నుండును. అది తెలంగాణపు తెలుగు, నడుమ మరాఠీ కలసిన తెలుగు. పలుకుట తెలుగు, బడిలో దిద్దినది మరాఠీ. సీలీ వ్రాసిన లేఖల వంటివి ఈ సందులలో ఒక చిన్నది వ్రాయ బూనినచో, ఏ లిపిలో మొదలిడును?