లేచి పడుకునే చుక్కలు

మనం కాగితం మీద చుక్క పెడితే వాక్యం అయిపోయినట్టు. లూయీ బ్రెయిలీ చుక్కతోనే వాక్యం మొదలుపెట్టాడు!

పారిస్ దగ్గర కూప్‌వ్రే అనే పల్లెలో, గుర్రపు జీనులు కుట్టే ఆసామి ఇంట్లో 1809లో పుట్టాడాయన. మూడేళ్లప్పుడు తండ్రి కొట్లో ఆర పట్టుకుని ఆడుతుంటే కంట్లో గుచ్చుకుంది. ఆ చీము రెండో కంటికీ పాకి చూపు పూర్తిగా పోయింది. తర్వాత పారిస్‌లో అంధుల బడిలో చేరాడు. బార్బియే అనే మాజీ సైనికుడు కనిపెట్టిన పన్నెండు చుక్కల రాత అక్కడికొచ్చింది. వేలికొన కింద పన్నెండు చుక్కలు ఒక్కసారిగా ఇముడుతాయా? లూయీ ఆరింటికి కుదించాడు. అది 1824. అప్పటికి ఆయనకు పదిహేనేళ్లు.

అయితే ఆ బడి పెద్దే కొన్నాళ్లు ఈ లిపిని నిషేధించాడు. పిల్లలు ఊరుకుంటారా? చాటుగా రాసుకున్నారు. లూయీ 1852లో పోయాడు. ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో!

కాగితం మీద చుక్క లేచిందంటే లేచిందే, మళ్లీ పడుకోదు. అందుకే ఒక్క నవలకే అల్మరాలో అర నిండిపోతుంది. చుక్కను లేపి, పడుకోబెట్టే కిటుకుకు మూలం కూడా పారిస్‌లోనే దొరికింది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు చూపించారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికమే కదులుతుందనీ మరుసటి ఏడే తేలింది. 1970లలో ఆ కదలికను సూదుల కింద అమర్చి బ్రెయిలీ డిస్‌ప్లే తయారుచేశారు.

ఇప్పుడది కీబోర్డు ముందు బల్లపరుపుగా కూర్చునే పట్టీ. గడికి ఎనిమిది సూదులు; నలభై గడులకు మూడొందల ఇరవై. ప్రతి సూదికీ విడిగా ఓ స్ఫటికపు పలక కావాలి మరి, ధర ఎందుకు మండిపోతుందో చూడండి! కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలను చుక్కలుగా మార్చి, వైరు మీదుగానో బ్లూటూత్ మీదుగానో పంపుతుంది. ఒకప్పుడు ఒక్కో కంపెనీ పట్టీది ఒక్కో భాష. దానికి తగిన డ్రైవర్ లేకపోతే కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టదు. అన్నిటికీ ఉమ్మడి ప్రమాణం 2018లో వచ్చింది. ఆస్ట్రేలియా అంధ యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టగా, మరో అంధ యువకుడు జేమ్స్ టే చేయి కలిపిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం కూడాను.

"గొంతు చదివి పెడుతుంటే చుక్కలెందుకండీ?" అని అడగొచ్చు మీరు. 'కల', 'కళ' అని గబగబా అనిపించండి. చెవి తికమకపడుతుంది. 1951లో కుదిరిన భారతీ బ్రెయిలీలో 'ల' అంటే ఎడమ వరుస మూడు చుక్కలు, 'ళ' అంటే కుడి వరుస మూడు. వేలు ఎన్నడూ పొరబడదు. వినికిడితోనే సరిపెట్టుకున్న పిల్లవాడికి కథ తెలుస్తుంది. అక్షరదోషం లేకుండా అర్జీ రాసుకోవడం మాత్రం రాదు. చదివించుకోవడం వేరు, చదువుకోవడం వేరు. ఆనాడు బడిలో పిల్లలు చాటుగా పట్టుబట్టింది ఆ రెండోదాని కోసమే.