ఇంటిపేరు లేని పాసు

1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకుతోటలకు వెళ్లిన కూలీలలో తెలుగువారు చాలామంది. ఒక్కొక్కరికి ఒక్కో వలస పాసు. పేరు, తండ్రిపేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, చివరికి ఒంటిమీది మచ్చలు కూడా అందులో రాశారు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. చుట్టరికం తేల్చాలంటే మనం మొదట అడిగేది అదే కదా! అక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరైపోయింది.

ఆ పాసు నకలుతో మునిమనవలెవరైనా మన ఊరికి ఉత్తరం రాస్తే, అది సర్పంచి చేతికో హెడ్మాస్టరు చేతికో వస్తుంది. గంజాం జిల్లా అని ఉందని ఒడిశాకు తిప్పి పంపకండి. 1936 దాకా మన శ్రీకాకుళమూ గంజాంలోదే. పెద్దలను ఫిజీ గురించి అడిగితే లాభం లేదు. రంగం పోయి తిరిగిరానివారు ఎవరని అడగండి. రంగూన్‌ను మనవాళ్లు అలాగే అనేవారు. ఓడెక్కినవాడు అక్కడికే పోయాడనుకున్న ఇళ్లూ ఉండవచ్చు.

విదేశాల్లోని మన పూర్వ విద్యార్థులు అక్కడివారికి ఒక మాట చెప్పాలి. తెలియని చుట్టం ఉత్తరం రాశాడంటే ఇక్కడ ముందు గుర్తొచ్చేది భూమిలో వాటా. ఆస్తి వద్దు, ఇంటిపేరు చెబితే చాలని మొదటి వాక్యంలోనే రాయమనండి.