మందుకు లొంగని సూక్ష్మజీవి

మూత్రనాళ వ్యాధులకు కారణమయ్యే సూక్ష్మజీవులలో ప్రధానమైనది ఇ. కోలై. 1885లో జర్మను వైద్యుడు థియొడోర్ ఎషెరిక్ దీనిని మొదట వర్ణించినాడు. దీని నివాసము మన ప్రేగులే. అక్కడ ఉన్నంతవరకు సామాన్యముగా ఏ అపకారమూ చేయదు. మూత్రమార్గమున ప్రవేశించినప్పుడు మంట, జ్వరము కలిగిస్తుంది; మూత్రపిండములకు ప్రాకినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

మందును ఎదిరించడము ఈ జీవికి నిన్న మొన్న అబ్బిన విద్య కాదు. పెన్సిలిన్ రోగులకు ఇంకా అందుబాటులోనికి రాకముందే, 1940 డిసెంబరులో, ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఏబ్రహాం, చైన్ ఒక విషయము ప్రకటించినారు. ఇ. కోలై నుండి తీసిన రసములో పెన్సిలిన్‌ను నిర్వీర్యము చేసే ఎన్‌జైము ఉన్నది! మందు క్రిమికి ఈ శక్తిని నేర్పదు. లొంగే క్రిములను చంపి, లొంగని వాటికి చోటు కల్పిస్తుంది.

తరువాత క్రొత్త మందులు వచ్చినవి. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయములో, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది.

కాని 1950ల నాటికే జపానులో సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ లొంగని రక్తవిరేచన క్రిములు కనబడినవి. 1959లో అక్కడి శాస్త్రజ్ఞులు ఇంకొక వింత తెలిపినారు. ఈ శక్తి ఒక క్రిమి నుండి ప్రక్కనున్న వేరొక జాతి క్రిమికి, ఇ. కోలైకి సైతము, సంక్రమిస్తున్నది! ప్లాస్మిడ్ అనే చిన్న జన్యువలయము దీనికి వాహనము. తండ్రి ఆస్తి కొడుకునకు దక్కడము లోకసహజము. ఇక్కడ పొరుగువానికి కూడ దక్కుతున్నది.

2008లో స్వీడనులో, అంతకు ముందు న్యూఢిల్లీలో చికిత్స పొందిన ఒక రోగి మూత్రములో క్లెబ్సియెల్లా క్రిమి దొరికినది. చివరి అస్త్రములుగా దాచుకొన్న కార్బాపెనెం మందులను సైతము అది ధిక్కరించినది. ఆ రోగి ప్రేగులలోని ఇ. కోలైలోను అదే జన్యువు కనబడినది. దానికి ఎన్.డి.ఎం.-1 అని పేరు.

2014 మార్చి నుండి మన దేశములో హెచ్-1 అనే షెడ్యూలు అమలులోనికి వచ్చినది. అందులో చేర్చిన మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. అమ్మకమును పుస్తకములో వ్రాయవలెను. అయితే చట్టము ఇంటిలోని అలమర వరకు రాలేదు. మిగిలిన మాత్రలను దాచి, మరల మంట కలిగినప్పుడు మ్రింగడము, పొరుగువారికి ఇవ్వడము ప్రమాదకరము. వైద్యుడు కోరినచో మూత్రమునకు కల్చరు పరీక్ష చేయించి, క్రిమి ఏ మందుకు లొంగునో తెలిసికొని, చెప్పిన మోతాదును చెప్పినన్ని దినములు వాడవలెను. ఒక ఇంట బలపడిన క్రిమి ఆ ఇంటితో ఆగదు.