దున్నిన నేల, దున్నని నేల

హనుమకొండలో మా ఇంటి వెనుక ముప్పై గజాల పెరడు ఉన్నది. నిరుడు ఫుకుఓకా పుస్తకం (తెలుగులో ‘గడ్డిపరకతో విప్లవం’) రెండవసారి చదివిన ఉత్సాహంలో పార ముట్టనని ప్రతిజ్ఞ చేసుకున్నాను. విత్తనాలు చల్లి, పైన ఇంత గడ్డి పరచి, ప్రకృతి మీద భారం వేశాను. మృగశిర వానలు పడిన మూడు వారాలకు ప్రకృతి నాకు అనుగ్రహించినది తుంగ. వంగ, బెండ మొక్కలను వెదకవలసి వచ్చింది. అవమానం భరించలేక, తడి నేలలోనే పారతో తిరగవేశాను. అమ్మ గడపలో నిలబడి చూసి, “ఎండకాలంల తవ్వి ఇడిచిపెడితే ఎండకే సచ్చేది బిడ్డా. ఇప్పుడు తవ్వితే ఒక్కటి పదైతది” అన్నది. పదిహేను రోజులకు అక్షరాలా అదే జరిగింది.

తుంగ గడ్డలు భూమిలో గొలుసుకట్టుగా ఉంటాయి. గొలుసు తెగనంతవరకు చాలా గడ్డలు నిద్రలో ఉంటాయి. పార దెబ్బకు తెగితే దేనికది మొలకెత్తుతుంది. అదే గడ్డ వేసవి దుక్కిలో పైకి వచ్చి మండుటెండలో పడితే ఎండి చస్తుంది. కనుక దున్నాలా వద్దా అన్న ప్రశ్నలో ‘ఎప్పుడు’ అన్న మాట లేకపోతే ఆ ప్రశ్న సగమే. ఈ సంగతి తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండగా నేను జపాను దాకా వెళ్ళాను!

అక్కడి నుండి నా వెదుకులాట చరిత్ర వైపు మళ్ళింది. ఓరుగల్లు అనగానే మనకు చెరువులు గుర్తుకు వస్తాయి. పాకాల, లక్నవరం, రామప్ప. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో వేయించిన శాసనం నేటికీ నిలిచి ఉన్నది. కాకతీయుల శాసనాలు నీరునేల, వెలిచేను, తోటభూమి అంటూ నేలలను వేరు చేసి చెబుతాయి. చెరువు తవ్వించినవాని పేరు రాతిమీద ఉన్నది. ఆ వెలిచేలలో నడుము వంచి కలుపు తీసినవారి పేర్లు మాత్రం ఏ రాతిమీదా చెక్కలేదు.

ఆ పనికి సాక్ష్యం పనిముట్లే. గొర్రుకు బిగించిన జడ్డిగంలో గింజలు జారవిడిస్తే అవి వరుస సాళ్ళలో పడతాయి. గింజ వరుసలో పడితేనే తరువాత సాళ్ళ నడుమ గుంటుక తోలడానికి వీలు. అంటే కలుపు ఆలోచన విత్తేనాడే మొదలైందన్నమాట. ఇంగ్లండులో జెత్రో టల్ 1731లో ఇదే పద్ధతిని గూర్చి గ్రంథం వ్రాశాడు. మొక్కలు మట్టిరేణువులను తింటాయని ఆయన నమ్మకం, కనుక మట్టిని ఎంత పొడి చేస్తే అంత మేలట. సిద్ధాంతం తప్పు, పనిముట్టు మంచిది! ఆ శతాబ్దం చివర దక్షిణ భారతంలో గొర్రును చూసిన కెప్టెన్ హాల్కాట్, అంతవరకూ అది ఆధునిక ఐరోపా కల్పన అనుకున్నానని ఒప్పుకున్నాడు. ధరంపాల్ 1971లో వెలువరించిన సంపుటిలో ఆ లేఖ ఉన్నది. భారత వ్యవసాయాన్ని బాగుచేయడానికని వచ్చిన వోల్కర్ కూడా, 1893 నాటి నివేదికలో, చేనును కలుపు లేకుండా ఉంచడంలో ఇక్కడి రైతులకు సాటి లేరన్నట్లు వ్రాశాడు.

అయితే అంత శుభ్రంగా ఉంచిన చేతులు ఎవరివి? గుంటుక సాళ్ళ మధ్య కలుపునే తీయగలదు. మొక్క మొదట్లోది కుర్ప పట్టి తీయవలసిందే. అది ఆడకూలీల పని, మగవాని కూలికంటే తక్కువ కూలికి.

అమెరికాలో 1930ల ధూళి తుఫానుల తరువాత, 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ నాగలినే దోషిగా నిలబెట్టాడు. కాని అక్కడ దున్నని సేద్యం పెద్దఎత్తున సాగడానికి కలుపుమందులే ఊతమయ్యాయి. 1974లో గ్లైఫోసేట్ అంగడికి వచ్చింది. మన వైపు పత్తి చేలలో, ఆ మందును తట్టుకొనే, అనుమతి లేని విత్తనం 2017 నాటికే బయటపడింది. 2022లో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని పురుగుల నివారణ సంస్థలకే పరిమితం చేసింది. రైతుకు అది కూలి ఖర్చు తగ్గించే డబ్బా, కలుపు తీసే ఆమెకు పోయిన పని. రెండూ నిజమే, అందుకే ఈ విషయంలో సులువుగా తీర్పు చెప్పేవారంటే నాకు అనుమానం.

ఫుకుఓకాను నిందించను. ఆయన షికోకు ద్వీపంలో వానలు ఏడాది పొడుగునా పంచుకుని పడతాయి. ఆయన వరిగడ్డి తిరిగి పొలానికే పోయింది. మన దగ్గర వెయ్యి మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. గడ్డి పశువుల నోటికి పోతుంది, మిగిలితే చెదలకు. వాన వెలిసి ఎండ కాస్తే చెలక నేల పైపొర అప్పడంలా బిగుస్తుంది. కప్పడానికి గడ్డి లేనివాడు ఆ పొరను కదపక ఏం చేయగలడు?

ఈ యేడు రోహిణి కార్తెకు ముందే పెరడంతా జానెడు లోతు తవ్వి, పెళ్ళలు పగలగొట్టక అలాగే వదిలాను. తొలివాన పడ్డాక మళ్ళీ తవ్వలేదు. వేపాకు, ఎండుగడ్డి కలిపి నాలుగు వేళ్ళ మందం కప్పాను. తుంగ పూర్తిగా పోలేదు, ప్రహరీ వార ఇంకా ఉన్నది. సాయంత్రాలు అమ్మ పీట వేసుకుని అక్కడ కూర్చుంటుంది. నేను లాగితే ఆకు తెగి చేతికి వస్తుంది, ఆమె లాగితే గడ్డతో సహా వస్తుంది. ఎలాగని అడిగితే, “తడి ఆరకముందే పట్టాలె” అని కుర్ప నా చేతికిచ్చింది.