ఆట ఖాతాలకు గాలం

ఫిషింగ్ అనగానే అందరికీ బ్యాంకు ఖాతా గుర్తొస్తుంది. ఈ మోసం పుట్టింది మాత్రం బ్యాంకుల దగ్గర కాదు. 1990ల నడుమ అమెరికాలో చాలా ఇళ్లకు ఇంటర్నెట్ అంటే ఏఓఎల్ అనే కంపెనీయే. గంటల లెక్కన డబ్బు కట్టాలి. అది తప్పించుకోవడానికి కుర్రాళ్లు కొందరు దొంగ క్రెడిట్ కార్డు నంబర్లు పుట్టించి ఖాతాలు తెరిచేవారు. 1995లో కంపెనీ నంబర్లను గట్టిగా సరిచూడటం మొదలుపెట్టేసరికి ఆ దారి మూసుకుపోయింది. దాంతో పక్కవాళ్ల ఖాతాల మీద పడ్డారు. డా క్రానిక్ అనే మారుపేరుతో ఒక టీనేజీ కుర్రాడు రాసిన ఏఓహెల్ ప్రోగ్రాం ఆ పని సులువు చేసింది. కంపెనీ ఉద్యోగి అడిగినట్టే సందేశం వెళ్లేది: మీ ఖాతా సరిచూస్తున్నాం, పాస్‌వర్డ్ పంపండి. జనం పంపేశారు. చివరికి ఏఓఎల్ తన మెసేజ్ విండోలోనే ఒక వాక్యం పెట్టాల్సి వచ్చింది, మా సిబ్బంది ఎవరూ మీ పాస్‌వర్డ్ అడగరని.

ఇవాళ మేడ్చల్, శామీర్‌పేట పిల్లల ఆట ఖాతాలకు వచ్చే మెయిళ్లు ఆ వంశంలోవే. పేర్లు మారాయి, మాటతీరు మారలేదు.

2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చింది. ఆటలో సంపాదించే బంగారానికి బయట అసలు డబ్బిచ్చి కొనేవాళ్లు తయారయ్యారు. వెంటనే దొంగలూ వచ్చారు. 'మీరు బంగారం అమ్ముతున్నారని అనుమానం, ఖాతా ఆపేస్తాం, లాగినై నిరూపించుకోండి' అన్నది వాళ్ల మెయిల్. 2008లో ఆ ఆట తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న పరికరాన్ని ఆరున్నర డాలర్లకు అమ్మింది. పాస్‌వర్డ్‌తో పాటు అది చూపే అంకెలు కూడా కొడితేనే ఆటలోకి ప్రవేశం. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో పరిస్థితి ఇంకా ముదిరింది. 2011లో అక్కడ ఆట వస్తువుల మార్పిడి మొదలయ్యాక దొంగతనాలు ఇరవై రెట్లు పెరిగాయని, నెలకు దాదాపు 77,000 ఖాతాలు పోతున్నాయని దాన్ని నడిపే వాల్వ్ కంపెనీయే 2015 డిసెంబరులో ఒప్పుకుంది.

మన దగ్గర ఎర వేరు. ఫ్రీ ఫైర్ డైమండ్లు, బీజీఎంఐ యూసీలు, అంటే ఆ ఆటల్లో చెల్లే డబ్బు. మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడు ఫోన్ తెచ్చి "అంకుల్, ఇది నిజమేనా?" అని మెయిల్ చూపించాడు. డైమండ్లు ఉచితం, గడువు ఈ రాత్రికే. నేను ముందు చూసింది లింకులోని చిరునామా. మొదట్లో ఆట కంపెనీ పేరు చక్కగానే ఉంది. చూడాల్సింది అది కాదు. రెండు ఏటవాలు గీతల (//) తర్వాత మొదలై మొదటి ఒంటి గీత (/) దగ్గర ఆగే భాగంలో చివరి మాటలే అసలు యజమానిని చెబుతాయి. సిద్దిపేటలో ఎవరైనా శామీర్‌పేట స్వీట్ హౌస్ అని బోర్డు పెట్టుకోవచ్చు, అంతమాత్రాన కొట్టు శామీర్‌పేటలో ఉన్నట్టు కాదు. ఆ లింకులో ఆ భాగం చివర డాట్ కామ్‌కు ముందున్న పేరుకూ ఆటకూ సంబంధమే లేదు.

ఒక చిక్కుంది. ఫ్రీ ఫైర్ కోడ్ వాడుకునే అసలు పేజీ కూడా గూగుల్‌తోనో ఫేస్‌బుక్‌తోనో లాగిన్ అవమంటుంది. లాగిన్ అడిగిందల్లా దొంగ అనలేం. 2022లో ఇంకా తెలివైన మోసం బయటపడింది: పేజీలోనే లాగిన్ విండో బొమ్మ గీసి, పైన సరైన చిరునామా, తాళం గుర్తు అన్నీ పెట్టేస్తారు. కంప్యూటర్ మీద ఆ విండోను మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి చూడండి. అసలుదైతే బయటికొస్తుంది. బొమ్మైతే అంచు దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌లో ఈ పరీక్ష కుదరదు కాబట్టి లింకు వదిలేసి, ఆట యాప్‌లోంచే వెళ్లడం మేలు.

నాకు బాధ కలిగించేది డైమండ్ల సంగతి కాదు. మన ఇళ్లలో పిల్లలు ఆడేది చాలాసార్లు అమ్మ ఫోన్‌లో, అమ్మ జీమెయిల్‌తో. ఆ జీమెయిల్ పోతే ఫోటోలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు మెయిళ్లు అన్నీ పోతాయి. తిడతారన్న భయంతో పిల్లాడు రెండు రోజులు నోరు విప్పడు. దొంగకు కావలసింది ఆ రెండు రోజులే. తెలిసిన నిమిషంలోనే పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి, రెండంచెల భద్రత పెట్టాలి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయాలి.

'ఆట ఐడీయే కదా, దానికి కేసేంటి' అని వెనక్కి తగ్గక్కర్లేదు. 2005లో నాస్కామ్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఫిషింగ్‌ను చట్టవిరుద్ధమన్నప్పుడు దానికంటూ ప్రత్యేకంగా చట్టం లేదు. 2008 సవరణతో ఐటీ చట్టంలోకి 66సీ సెక్షన్ వచ్చింది. మోసంతో మరొకరి పాస్‌వర్డ్ వాడుకుంటే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. డబ్బు పోయి ఉండాలని ఆ సెక్షన్ ఎక్కడా అడగదు.